అబ్బాకి ఈద్, మాకు రోజా: నెలవంక విషయంలో మీ ఇంట్లో ఎలా సర్దుకుంటున్నారు?

ఇరవైతొమ్మిదో_రాత్రి
గొడవ కోసం వేస్తున్న పోస్ట్ కాదిది, ఇంటి గోడు. మా ఆయన ఉద్యోగం సౌదీలో. నేనూ ఇద్దరు పిల్లలూ ఇక్కడ అత్తామామల దగ్గర. తమ్ముడు అమెరికాలో. 2025లో ఆయనకి ఈద్ ఆదివారం, మార్చి 30. మాకు సోమవారం. తమ్ముడు వెళ్ళే మసీదులో ఆదివారమే, వాళ్ళకి దగ్గర్లోనే ఉన్న ఇంకో మసీదులో సోమవారం.

ఆదివారం పొద్దున ఆయన ఈద్ నమాజ్ చేసుకుని కొత్త బట్టల్లో వీడియో కాల్ చేశారు. మా ఎనిమిదేళ్ళవాడు ఆ రోజు రోజా (ఉపవాసం) ఉన్నాడు, వాడి జీవితంలో అది నాలుగో రోజా. ఫోన్ రెండు చేతుల్తో పట్టుకుని వాళ్ళ నాన్న నీళ్ళు తాగుతుంటే చూస్తూ కూర్చున్నాడు. కాల్ అయ్యాక నా వైపు తిరిగి "అమ్మీ, అబ్బాకి ఈద్ అయితే మనకెందుకు కాదు, అల్లా ఒక్కడే కదా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

దాంతోపాటు ఇంకో బాధ. రంజాన్ 29వ రోజు సాయంత్రం నెలవంక కనపడితే మర్నాడు ఈద్, లేదంటే ఇంకో రోజా. 29వ రాత్రి తొమ్మిదిన్నర దాకా రేపు రోజానా పండగా తెలీదు. పిల్లల బట్టలు ఇస్త్రీ చేసి పెట్టాలా, సహరీకి (తెల్లవారకముందు తినే భోజనానికి) అలారం పెట్టుకుని పడుకోవాలా. ఆఫీసులో సెలవు ఏ రోజుకి రాయాలో తెలీక రెండు రోజులకీ రాస్తే మా మేనేజర్ "పండగ ఒక్క రోజే కదా" అన్నాడు. మీ ఇళ్ళల్లో ఎవరి మాట పాటిస్తారు? పిల్లలకి ఏం చెప్తారు?

మేడమీది_చాంద్
పిల్లాడి ప్రశ్న చదివి మనసు అదోలా అయిపోయింది. మాదీ ఇదే కథ, కాకపోతే మా ఇంట్లో అక్కడుండేది మా ఆపా (అక్క).

లెక్కల_మాస్టారు
2025 సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఆ మార్చి 29న పాక్షిక సూర్యగ్రహణం పట్టింది. సూర్యగ్రహణం అంటేనే అమావాస్య ఘడియ, చంద్రుడు సూర్యుడికీ మనకీ మధ్యకి వచ్చి నిలబడ్డట్టు. ఆ సాయంత్రం మక్కాలో పొద్దు గుంకేసరికి కొత్త చంద్రుడి వయసు ఐదు గంటలు కూడా లేదు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం ఏడు డిగ్రీల కంటే తక్కువుంటే నెలవంక అనేదే ఏర్పడదని ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త డాంజోన్ ఎప్పుడో చెప్పాడు, ఆ రోజు ఆ దూరం అందులో సగం కూడా లేదు. కంటికి కనపడే ప్రశ్నే లేదు. అయినా సాక్ష్యాలు వచ్చాయి, ఈద్ ప్రకటించారు. నా బాధ అదే, లెక్క తెలిసి కూడా పక్కన పెట్టడం.

సాక్ష్యం_చాలు
మాస్టారూ, మీ లెక్క నేను కాదనను. కానీ అక్కడ సాక్ష్యం విని తీర్పు ఇచ్చింది వాళ్ళ సుప్రీంకోర్టు. ఆ దేశంలో ఉన్నవాడు ఆ తీర్పు ప్రకారం ఈద్ చేసుకుంటే వాడి రోజాలకి లోటేం లేదు, తప్పుంటే దాని బాధ్యత సాక్ష్యం చెప్పినవాడిదీ ఒప్పుకున్నవాడిదీ. తిర్మిజీ సంకలనంలో హదీసు, అంటే ప్రవక్త మాట, ఉంది కదా, మీరందరూ రోజా ఉన్న రోజే రోజా, మీరందరూ ఈద్ చేసుకున్న రోజే ఈద్ అని. పోస్ట్ వేసిన చెల్లెమ్మ వాళ్ళాయన అక్కడ అందరితోపాటు చేసుకున్నాడు, ఈమె ఇక్కడ అందరితోపాటు ఉంది. ఇద్దరూ కరెక్టే.

లెక్కల_మాస్టారు
ఇద్దరూ కరెక్టే అన్నది ఒప్పుకుంటా. ఎనిమిదేళ్ళ పిల్లాడికి అది చెప్పి చూడండి.

కురైబ్_కథ
చెప్పొచ్చు మాస్టారూ, నేను మా పిల్లలకి చెప్పా. సహీహ్ ముస్లిం అనే హదీసు పుస్తకంలో కురైబ్ గారి సంగతి ఉంది. ఆయన పని మీద మదీనా నుంచి షామ్ (ఇప్పటి సిరియా వైపు) వెళ్ళాడు, అక్కడ జుమా రాత్రి నెలవంక కనపడింది. జుమా రాత్రి అంటే మన లెక్కలో గురువారం సాయంత్రం, శనివారం రాత్రి అంటే శుక్రవారం సాయంత్రం, ఇస్లాంలో రోజు పొద్దు గుంకాక మగ్రిబ్‌తో మొదలవుతుంది కదా. నెలాఖరుకి మదీనా వచ్చాడు. అక్కడున్న ప్రవక్త సహచరుడు ఇబ్నె అబ్బాస్ గారు "మీరెప్పుడు చూశారు" అని అడిగి, "మేం మాత్రం శనివారం రాత్రి చూశాం, మళ్ళీ చూసేదాకానో ముప్పై నిండేదాకానో ఉంటాం" అన్నారు. "ముఆవియా గారు చూసింది, రోజా ఉన్నది చాలదా" అని షామ్ పాలకుడి పేరు చెప్పి కురైబ్ అడిగితే "చాలదు, రసూలుల్లా (ప్రవక్త) మాకు ఇలాగే ఆజ్ఞాపించారు" అన్నారు. అంటే ఫోన్లు లేని రోజుల్లోనే, సహాబాల (ప్రవక్త సహచరుల) కాలంలోనే రెండు ఊళ్ళకి రెండు తేదీలు ఉన్నాయి. మా అమ్మాయికి ఈ కథ చెప్పాక "అయితే అబ్బా షామ్‌లో ఉన్నట్టు, మనం మదీనాలో ఉన్నట్టు" అంది. అప్పట్నుంచి మా ఇంట్లో అదే మాట.

ఇరవైతొమ్మిదో_రాత్రి
కురైబ్_కథ గారూ, ఈ ముక్క నాకు ఆ ఆదివారం తెలిసుంటే ఎంత బాగుండేది. మా వాడికి ఈ రాత్రే చెప్తా.

ముప్పైఒకటి
నేను రెండుసార్లు రెండు రకాలుగా ఇరుక్కున్నా. ఒకసారి గల్ఫ్‌లో రంజాన్ మొదలుపెట్టి చివరి వారం ఇంటికొచ్చా, ఇక్కడ ఒక రోజు వెనక, పైగా ఇక్కడ ముప్పై నిండాయి. నాకు 31 రోజాలు. ఇంకోసారి ఇక్కడ మొదలుపెట్టి అక్కడికి వెళ్తే 28కే ఈద్ వచ్చేసింది. మా మసీదు ఆలిమ్ (మత పండితుడు) గారు చెప్పింది ఏంటంటే, ఎక్కడ నిలబడ్డావో అక్కడివాళ్ళతో ఉండు, 31 అయినా పర్లేదు, 28 అయితే ఈద్ వాళ్ళతోనే చేసుకుని తర్వాత తప్పినదానికి బదులు ఒక రోజా ఉండి ఖజా తీర్చుకో, నెల 29కి తక్కువ ఉండదు కాబట్టి. ఆ 31వ రోజు సహరీకి ఒక్కణ్ణే లేస్తానేమో అనుకున్నా, మా అమ్మీ నాకంటే ముందే లేచి కూర్చుంది. "నాకు ముప్పయ్యే రా, నీకు ఒకటి ఎక్కువ రాసిపెట్టుంది" అంది.

నైట్_డ్యూటీ_సిస్టర్
ఆఫీసు సెలవు గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి. నేను నర్సుని. డ్యూటీ చార్ట్ వారం ముందే వేస్తారు. 29 సాయంత్రం మగ్రిబ్ అయ్యాక గానీ తేలని పండక్కి వారం ముందు ఏ తేదీ చెప్పను? ఒక ఏడు నేను అడిగిన తేదీన సెలవు ఇచ్చారు, ఈద్ మర్నాడు పడింది. పండగ పొద్దున వార్డులో ఇంజెక్షన్లు చేస్తున్నా, మా పాప ఫోన్‌లో ఏడుపు. మా ఇంఛార్జి మంచిదే, కానీ ఆమెకి ఇది అర్థమయ్యేలా చెప్పడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఇప్పుడు ఇంకో సిస్టర్‌తో ముందే మాట్లాడుకుంటా, నాకు రెండు తేదీల్లో ఏదైనా కావచ్చు, నువ్వు స్టాండ్‌బై ఉండు, నీ పండక్కి నేనుంటా అని. కాయితం మీద కాదు, మాట మీద నడుస్తోంది.

పక్కింటి_మిత్రుడు
నేను ముస్లింని కాదు, మా టీంలో ఇద్దరున్నారు, వాళ్ళ సెలవులు చూసేది నేనే. తెలుసుకుందామని అడుగుతున్నా, తప్పుగా అనుకోకండి. గ్రహణాలు నిమిషాలతో సహా ముందే చెప్పేస్తున్నారు కదా, అలాగే నెలవంకా ముందే వేసి క్యాలెండర్ అచ్చేయచ్చుగా? ఇంకోటి, పంచాంగంలో కూడా చాంద్రమానమే కదా, మరి మా పండగలు అటూఇటూగా అదే కాలంలో వస్తాయి, మీ రంజాన్ మాత్రం ఎండాకాలం నుంచి చలికాలానికి పోతుందేం?

లెక్కల_మాస్టారు
మంచి ప్రశ్న అడిగారు. రెండోదాంతో మొదలుపెడతా. చంద్రుడి ఒక చుట్టు సగటున 29.53 రోజులు, పన్నెండు కలిపితే 354 చిల్లర. సూర్యుడి ఏడాదికి 11 రోజులు తక్కువ. పంచాంగంలో ఆ తేడా పోగయ్యాక అధిక మాసం వేసి సర్దుతారు. ఇస్లాంలో అధిక మాసం లేదు, నెలలు పన్నెండే అని తౌబా సూరాలో ఖురాన్ తేల్చేసింది, నెలల్ని వెనక్కీ ముందుకీ జరపడాన్ని తప్పన్నది. అందుకే రంజాన్ ఏటా 11 రోజులు ముందుకొస్తూ దాదాపు 33 ఏళ్ళలో అన్ని కాలాలూ చుట్టేస్తుంది. 2030లో ఒకే ఇంగ్లీషు ఏడాదిలో రెండుసార్లు మొదలవుతుంది, జనవరిలో ఒకసారి, డిసెంబర్లో ఒకసారి.

ఇక మొదటిది. అమావాస్య ఎప్పుడన్నది సెకన్లతో చెప్పొచ్చు. కానీ హదీసు చెప్పింది అమావాస్య గురించి కాదు, చూసి రోజా మొదలెట్టండి, చూసి విరమించండి, మబ్బుంటే ముప్పై పూర్తి చేయండి అని. కనపడటం అనేది ఎత్తు, దూరం, మబ్బు, దుమ్ము, చూసేవాడి కళ్ళు, ఇన్నిటి మీద ఉంటుంది. అయినా లెక్క మీద నడిచేవాళ్ళూ ఉన్నారు. టర్కీలో దియానెట్ అనే ప్రభుత్వ మతశాఖ ముందే క్యాలెండర్ వేసేస్తుంది. ఉత్తర అమెరికా ఫిఖ్ (మతధర్మ) కౌన్సిల్ 2006లో లెక్కల వైపు వెళ్ళింది, చెల్లెమ్మ వాళ్ళ తమ్ముడి మసీదు అదే పాటిస్తూ ఉండొచ్చు. 2016లో ఇస్తాంబుల్‌లో పెద్ద సభ పెట్టి ప్రపంచమంతటికీ ఒకే హిజ్రీ (ఇస్లామిక్) క్యాలెండర్ ఉండాలని తీర్మానించారు, భూమ్మీద ఎక్కడైనా చంద్రుడు 5 డిగ్రీల ఎత్తు, సూర్యుడికి 8 డిగ్రీల దూరం ఉంటే చాలని. అన్ని దేశాలూ ఒప్పుకోలేదు.

పక్కింటి_మిత్రుడు
ఇప్పుడర్థమైంది. మా వాళ్ళిద్దరికీ ఇకనుంచి రెండు తేదీలూ ఖాళీగా ఉంచుతా, ఏది పడితే అది.

నైట్_డ్యూటీ_సిస్టర్
మిత్రుడుగారూ, మీలాంటివాళ్ళు ప్రతి ఆఫీసులో ఒక్కరుంటే సగం బాధ పోతుంది.

ద్వీపం_కోడలు
మా అత్తారిది ఇండోనేసియా, అక్కడ తేడా దేశాల మధ్య కాదు, ఒకే వీధిలో. ముహమ్మదియా అనే పెద్ద సంస్థ లెక్క మీద పోతుంది, ప్రభుత్వం 3 డిగ్రీల ఎత్తు 6.4 డిగ్రీల దూరం అనే రూలు పెట్టుకుని దానికి తోడు చూడటం. 2023లో వాళ్ళకి ఏప్రిల్ 21, ప్రభుత్వానికి 22. మా మామగారు ముహమ్మదియా, అత్తగారి పుట్టింటివాళ్ళు రెండోవైపు. 21న ఆయన ఈద్ చేసుకొచ్చి ఇంట్లో ఏమీ ముట్టకుండా కూర్చున్నారు. "మీ ఈద్ అయిపోయింది కదా, తినండి" అంటే "ఇంట్లో మిగతావాళ్ళు రోజా ఉంటే నేను వాళ్ళ ముందు తినను" అని వెనక గదిలోకి వెళ్ళి తిన్నారు. మర్నాడు మళ్ళీ అవే బట్టలేసుకుని అందరితో కూర్చున్నారు. ఎవరూ ఎవరికీ ఏమీ బోధించలేదు, నాకు ఇది చాలా నచ్చింది.

మేడమీది_చాంద్
మా అబ్బా ఏటా మేడెక్కి మొదట అరిచేది ఆయనే, "అదిగో పొడిచింది, అదిగో" అని. పోయినేడు ఆయన చూపించింది విమానం. పిల్లలు మళ్ళీ కిందకి దిగలేదు, అసలుది కనపడేదాకా అక్కడే. లెక్కలతో ముందే తేలిపోతే ఆ సాయంత్రం పోతుందనే నా బెంగ.

ఖజా_లెక్క
మేడ మీద సాయంత్రం బాగానే ఉంటుంది భాయ్, ఆ సాయంత్రం వంటింట్లో ఎవరుంటారో కూడా చూడండి. సహరీకి కూడా తయారుగా ఉంచాలి, పండక్కి కూడా తయారుగా ఉంచాలి, ఏది అక్కర్లేకపోతే అది సర్దేయాలి. మా ఇంట్లో 29వ రాత్రి మగాళ్ళంతా నెలవంక గురించి మాట్లాడతారు, ఆడాళ్ళంతా "తేలిందా" అని అడుగుతూ ఉంటారు. నాకు నెలవంక మీద కోపం లేదు, వార్త రాత్రి పదిన్నరకి చెప్పడం మీద ఉంది.

పైగా హనఫీ ధర్మశాఖలో రంజాన్ నెలవంకకి నమ్మకమైన ఒక్కరు చెప్తే చాలు, ఆకాశం మబ్బుగా ఉంటే, ఆ ఒక్కరు ఆడమనిషైనా సరే. అది మా చిన్నప్పుడు మా ఉస్తాదమ్మ చెప్పింది. మమ్మల్ని మేడ మీదకి ఎవరు పిలిచారు?

మేడమీది_చాంద్
నిజమే ఆపా. ఈసారి మా ఇంట్లో 29న వంట మగ్రిబ్‌కి ముందే అయ్యేలా చూస్తా, నేనూ మా తమ్ముడూ. అమ్మీని పైకి తీసుకెళ్తా.

నానమ్మ_మనవరాలు
ఈద్ ఒక్కటే కాదు, నెలవంక ఇంట్లో ఇంకో చోట చాలా బరువుగా వస్తుంది. తాతయ్య పోయినప్పుడు నానమ్మ ఇద్దత్, అంటే భర్త పోయాక భార్య పాటించే గడువు. నాలుగు నెలల పది రోజులు అని బఖరా సూరాలో ఉంది. చంద్రమాన నెలలు. మా బాబాయి ఇంగ్లీషు నెలలు లెక్కేసి ఒక తేదీ చెప్పాడు, మేనత్త ఇంకో తేదీ, ఇద్దరి మధ్యా నానమ్మ. ఆమె ఒక నోట్‌బుక్కులో రోజుకో గీత గీసుకుంది, ఐదు గీతలకి ఒక అడ్డగీత. ఆలిమ్ గారిని అడిగితే, భర్త నెల మొదటి రోజే పోతే నెలవంకలు లెక్కపెట్టుకోవచ్చు, నెల మధ్యలో పోతే హనఫీ ప్రకారం 130 రోజులు లెక్కపెట్టడం మేలు అన్నారు. తాతయ్య పోయింది నెలలో పదమూడో రోజు. మేం వెళ్ళి చెప్పేసరికి నానమ్మ పుస్తకం తీసి, "130 దాకానే గీస్తానని నేను మొదట్నుంచీ అనుకున్నా" అంది. ఒక్కరు కూడా ఆవిణ్ణి అడగలేదు.

ఖజా_లెక్క
ఆ పుస్తకం ఉందా ఇంకా?

నానమ్మ_మనవరాలు
ఉంది. నా దగ్గరే.

జకాత్_డైరీ
జకాత్ (ఏటా ఇచ్చే విధి దానం) సంగతి కూడా చెప్పాలి. చాలామంది మార్చి 31కి లెక్క చూసుకుని 2.5 శాతం ఇచ్చేస్తారు. కానీ జకాత్ ఏడాది 354 రోజులది. ఇంగ్లీషు ఏడాది పట్టుకుంటే ఏటా 11 రోజుల జకాత్ మిగిలిపోతుంది, 33 చాంద్రమాన సంవత్సరాలకి ఇంగ్లీషు ఏళ్ళు 32 కాబట్టి ఒక ఏడాది జకాత్ మొత్తం ఎగిరిపోయినట్టే. ఇంగ్లీషు తేదీ తప్పదనుకుంటే 2.577 శాతం ఇమ్మంటారు. మా ఇంట్లో నాదీ మా ఆవిడదీ జకాత్ తేదీలు వేరు, ఆమె నగలు నిసాబ్ (జకాత్ వర్తించే కనీస ఆస్తి) దాటింది రంజాన్ ముందు నెల షాబాన్‌లో, నాది రంజాన్‌లో. డైరీలో హిజ్రీ తేదీలే రాసుకుంటాం.

ఇంకోటి, ఫిత్రా (రంజాన్ పండక్కి పేదలకిచ్చే దానం) ఈద్ నమాజ్‌కి ముందే చేరాలి. రాత్రి పదిన్నరకి ఈద్ అని తేలితే పేదవాడింటికి అది ఎప్పుడు చేరుతుంది, వాళ్ళు పండగ ఎప్పుడు చేసుకుంటారు? ప్రవక్త సహచరుడు ఇబ్నె ఉమర్ గారు ఒకట్రెండు రోజులు ముందే ఇచ్చేవారని బుఖారీ హదీసు పుస్తకంలో ఉంది. మేం 27కే ఇచ్చేస్తాం. ప్రకటన ఆలస్యమైతే మనకి నిద్ర పోతుంది, వాళ్ళకి పండగే పోతుంది.

సాక్ష్యం_చాలు
జకాత్_డైరీ చెప్పిన రెండో ముక్క అందరూ చదవాలి. నేను ఇన్నాళ్ళూ చాంద్ రాత్ (ఈద్ ముందు రాత్రి) రోజే ఇచ్చేవాణ్ణి.

గల్ఫ్_జీతం
ఒక సంగతి గుర్తొచ్చింది. సౌదీలో సర్కారు ఉద్యోగులకి ఒకప్పుడు జీతం హిజ్రీ నెల ప్రకారం వచ్చేది. 2016 అక్టోబర్ నుంచి ఇంగ్లీషు నెలకి మార్చారు. అంటే ఉమ్ముల్ ఖురా అనే సౌదీ సర్కారీ హిజ్రీ క్యాలెండర్ పుట్టిన చోట కూడా ఏడాదికి 11 రోజుల జీతం తేడా ఇళ్ళని తాకింది. ఆ క్యాలెండర్ ఆఫీసు పనులకి లెక్క ప్రకారం ముందే వేసుకున్నది, రంజాన్‌కీ ఈద్‌కీ మాత్రం మళ్ళీ సాక్ష్యాలు అడుగుతారు. చాలామందికి ఈ రెండూ వేరని తెలీదు, ఫోన్‌లో యాప్ చూసి ఈద్ అనేసుకుంటారు.

ఇరవైతొమ్మిదో_రాత్రి
ఇంత వస్తుందనుకోలేదు. మీ అందరివీ మా అత్తకి చదివి వినిపించా. నానమ్మ నోట్‌బుక్కు దగ్గర ఆపి మళ్ళీ చదవమంది.

నేను పైన చెప్పనిది ఒకటుంది. ఈద్ కంటే నాకు కష్టంగా ఉండేది చివరి పది రాత్రులు. ఆయన ఫోన్ చేసి "ఈ రాత్రి 27, దువాలో గుర్తుంచుకో" అంటారు, మాకు ఆ రాత్రి 26. బేసి రాత్రుల్లో వెతకమన్నారు కదా, ఖురాన్ దిగిన పవిత్ర రాత్రి షబే ఖదర్‌ని, ఆయన బేసి మాకు సరి. ఇద్దరం ఒకే రాత్రి మేలుకుని అడగాలని ఉంటుంది. బక్రీద్ ముందు రోజు అరఫా కూడా అంతే, ఆయనకి 9, నాకు 8.

కురైబ్_కథ
అమ్మా, చివరి పదీ మేలుకోండి ఇద్దరూ. అప్పుడు ఎవరి బేసి అయినా ఇద్దరూ మేలుకున్నట్టే. రసూలుల్లా చివరి పది రాత్రులూ తను మేలుకుని ఇంటివాళ్ళనీ లేపేవారు.

ముప్పైఒకటి
బక్రీద్‌కి మాత్రం ఈ టెన్షన్ తక్కువ, నెలవంకకీ పండక్కీ మధ్య తొమ్మిది రోజులుంటాయి. సెలవు రాసుకోడానికి టైమ్ దొరుకుతుంది. కాకపోతే ఖుర్బానీ ఇచ్చేవాళ్ళు ఆ నెల ఒకటో తేదీ నుంచి గోళ్ళూ జుట్టూ తీయకూడదు కాబట్టి ముందు నెల 29న పొద్దు గుంకేలోపే క్షవరం చేయించుకోవాలి. మా మామ ఒకసారి రేపు చూద్దాంలే అనుకున్నాడు, ఆ సాయంత్రమే పొడిచింది.

ఇరవైతొమ్మిదో_రాత్రి
నిన్న రాత్రి ఆయనతో మాట్లాడా. పది రాత్రులూ మేలుకుందాం అన్నారు, డ్యూటీ ఉన్న రోజు కూడా కనీసం తహజ్జుద్ (రాత్రి నిద్ర లేచి చేసే నమాజ్) టైమ్‌కి లేస్తారట, ఎవరు ముందు లేస్తే వాళ్ళు ఫోన్ చేయాలి. బాబుకి కురైబ్ కథ చెప్పా. మొత్తం విని వాడు వాళ్ళ నాన్నని అడిగిందొకటే, "మన ఈద్ రోజు నువ్వు మళ్ళీ కొత్త బట్టలేసుకుంటావా" అని. వేసుకుంటా అన్నారు. ద్వీపం_కోడలు గారి మామగారి సంగతి నేనింకా ఆయనకి చెప్పనేలేదు.

నైట్_డ్యూటీ_సిస్టర్
ఆ రోజు ఆయనకి డ్యూటీ ఉంటే?

ఇరవైతొమ్మిదో_రాత్రి
బ్యాగులో పెట్టుకెళ్తారట. బ్రేక్‌లో వేసుకుని కాల్ చేస్తానన్నారు.